అరిగిన రాయికి పేరు పెట్టడం



కొవ్వూరు దాటి దేవరపల్లి వైపు వెళ్తే పంగిడి, గౌరీపట్నం, దుద్దుకూరు చుట్టుపక్కల నల్లరాయి క్వారీలు కనిపిస్తాయి. గోదావరి రెండో ఒడ్డున రాజమహేంద్రవరం పక్కన కాతేరులోనూ అదే రాయి. మనం కంకరగా వాడుకునే ఈ నల్లరాయి ఒకప్పుడు కాగుతూ పారిన లావా. సుమారు 6 కోట్ల 60 లక్షల ఏళ్ల కిందట, పశ్చిమ కనుమల ప్రాంతం నుంచి దాదాపు వెయ్యి కిలోమీటర్లు పారి ఇక్కడ అప్పటి సముద్రపు అంచుకు చేరిందని పలువురు భూశాస్త్రవేత్తల అభిప్రాయం. లావా ఒక్కసారే రాలేదు. ఒక విడత వచ్చి చల్లారాక, రెండో విడత వచ్చేలోగా ఉప్పునీళ్లు, బురద చేరాయి. ఆ నీళ్లలో నత్తలు, ఆల్చిప్పలు బతికాయి, చచ్చాయి, బురదలో కూరుకుపోయాయి. ఆ బురదే ఇప్పుడు రెండు నల్లరాతి పొరల నడుమ సన్నటి సున్నపురాయి పొరగా ఉంది. మొదటి లావాకు అడుగున కూడా అలాంటి పొర ఒకటుంది. ఈ గుల్లలను గురించి మొదట వివరంగా రాసినవాళ్లలో స్టీఫెన్ హిస్లాప్ ఒకడు. నాగపూరులో ఉండిన స్కాట్లాండ్ మతబోధకుడు. రాళ్లు ఏరడం అతనికి వృత్తి కాదు, వ్యసనం. నాగపూరు దగ్గరి గుల్లలతో పాటు రాజమండ్రి గుల్లలకూ 1860లో అతను వర్ణనలు అచ్చువేయించాడు.

అటువంటి చోట రాళ్లకుప్పలో ఎవరికో ఒక రాయి దొరికిందనుకుందాం. బొటనవేలంత ఉంటుంది. ఒక కొస సన్నం, రెండో కొస లావు. మరలాగా చుట్లు తిరిగి ఉంది, కానీ చుట్లు నున్నగా అరిగిపోయాయి. దొరికించుకున్న మనిషి భూగర్భశాస్త్రం చదివినవాడు కాదు. రాళ్లంటే ఇష్టం, అంతే. అతను అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: దీని పేరేమిటి? నా వాదన ఈ ప్రశ్న గురించే. అరిగిన శిలాజం విషయంలో పేరు అడగడం చివరి పని కావాలి. ముందు తేల్చుకోవలసినవి రెండు. ఈ రాయి ఎలా అరిగింది, అరిగాక ఏది మిగిలింది అనేది ఒకటి. ఇది ఎక్కడిది, ఏ పొరది అనేది రెండోది. ఈ రెండింటికీ వచ్చిన జవాబులు ఎంత దూరం తీసుకెళ్తే పేరు అంత దూరమే వెళ్లాలి. ఒక్క అడుగు ముందుకు వేసినా అది గుర్తింపు కాదు, ఊహ.

ఆ రాయినే దగ్గరగా చూద్దాం. పది రెట్లు పెద్దది చేసి చూపే చేతి భూతద్దం చాలు. రాయిని ఎండలో నిలువుగా పట్టుకుంటే ఏమీ కనిపించదు. పొద్దున గానీ సాయంత్రం గానీ ఏటవాలు వెలుతురులో తిప్పితే గీతలు లేస్తాయి. చుట్టుకీ చుట్టుకీ మధ్య ఒక సన్నటి సందు ఉంది, గోరు అంచు పట్టేంత. చాలామంది దాన్ని అరుగుదల అనుకుంటారు. అరుగుదల అయితే అది అన్ని చుట్ల దగ్గరా ఒకే వెడల్పున, అంత క్రమంగా ఉండదు. ఆ సందు ఒకప్పటి గుల్ల గోడ ఉన్న చోటు. నత్త చచ్చాక గుల్ల లోపలికి బురద చేరి గట్టిపడింది. తర్వాత ఎప్పుడో నేలలో ఇంకిన నీళ్లు గుల్లను కరిగించి పట్టుకుపోయాయి. మన చేతిలో ఉన్నది నత్తా కాదు, నత్త గుల్లా కాదు. గుల్ల లోపలి ఖాళీకి వచ్చిన అచ్చు. బయట నక్షీ చెక్కిన వెండి గిన్నెలో నెయ్యి పేరుకుందనుకోండి. గిన్నెను తీసేస్తే నెయ్యి ముద్దకు గిన్నె లోపలి వంపు వస్తుంది గానీ బయటి నక్షీ రాదు. ఇదీ అంతే. నత్తల్లో ఒక ప్రజాతికీ మరొక ప్రజాతికీ తేడా చెప్పేది చాలావరకు ఆ బయటి నక్షీయే: గుల్ల మీది గట్లు, బొడిపెలు, గీతలు, మూతి అంచు. అచ్చు మీద అవి లేవు. ఈ రాళ్లలో టరిటెల్లా అనే గోపురం ఆకారపు నత్తలు సమృద్ధిగా ఉన్నాయన్న మాట నిజం. లావాకు అడుగున ఉన్న పొరలో వాటి పేరుతోనే ఒక మట్టాన్ని గుర్తిస్తారు. అయినా ఈ ఒక్క అచ్చును చేతిలో పెట్టి ఇది టరిటెల్లా అని నొక్కి చెప్పడం కుదరదు. గోపురంలా చుట్లు తిరిగిన నత్త లోపలి అచ్చు అనగలం. అదే కుప్పలో గట్లు చెడని గుల్ల ఇంకొకటి దొరికితే, బహుశా టరిటెల్లా అని ఒక మెట్టు పైకి వెళ్లగలం. ఆ బహుశా అన్న మాట వినడానికి పిరికిగా ఉంటుంది గానీ, ఈ శాస్త్రంలో దానికి మర్యాద ఉంది. ప్రజాతి తెలిసి జాతి తెలియనప్పుడు ప్రజాతి పేరు రాసి ఆపేయడానికీ, ఫలానా దానితో పోల్చదగ్గది అనడానికీ విడివిడిగా సంకేతాలున్నాయి. పండితులు వాటిని సిగ్గుపడకుండా వాడతారు.

అదే పొరలో ఆల్చిప్పలు మాత్రం చిప్పలుగానే దొరుకుతాయి. ఒకే బురద, ఒకే వయసు, ఒకే వాన. నత్త గుల్ల కరిగి, ఆల్చిప్ప ఎందుకు మిగిలింది? రెండూ సున్నమే అయినా లోపలి అమరిక వేరు. ఇలాంటి నత్తలు గుల్ల కట్టుకునేది ముఖ్యంగా ఆరగొనైట్ అనే రూపంతో. అది త్వరగా కరుగుతుంది. ఆల్చిప్పలో ఎక్కువగా ఉండేది కాల్సైట్. అది నిలుస్తుంది. ఇది తెలియని మనిషి ఒక రాతిలో ఆల్చిప్పలే కనిపిస్తే అక్కడ ఆల్చిప్పలే బతికాయని అనుకుంటాడు. అక్కడ బతికినవాటిలో ఏవి నిలిచాయో మాత్రమే ఆ రాయి చెబుతోంది. అరుగుదల గుడ్డిగా జరగదు, కొన్నిటిని ముందు తీసేస్తుంది, కొన్నిటిని ఆఖరికి ఉంచుతుంది. ఆ వరస తెలిస్తే పోయినదాని గురించి కూడా కొంత చెప్పవచ్చు. ఒక్కోసారి అరుగుదల మేలు కూడా చేస్తుంది. గుల్ల కరిగిన చోట చెకుముకి రాయి జాతి గట్టి సిలికా చేరి ఉంటే, తాజాగా పగలగొట్టిన సున్నపురాతిలో అది కంటికి ఆనదు. వందల ఏళ్లు వానలో నానిన రాతి ముఖాన మాత్రం సున్నం తగ్గి, సిలికా గుల్ల ఉబ్బెత్తుగా బయటికి వస్తుంది.

కాబట్టి అరిగింది అనగానే సరిపోదు, ఎప్పుడు అరిగింది అని అడగాలి. ప్రాణి బతికుండగా వాడుకలో అరగవచ్చు. చచ్చాక అలల్లో దొర్లి, భూమిలో కూరుకోకముందే అరగవచ్చు. కోట్ల ఏళ్ల తర్వాత బయటపడి ఎండకూ వానకూ అరగవచ్చు. ఈ మూడూ చూపుకు ఒకేలా ఉండి, అర్థంలో పూర్తిగా వేరు. తేడా కనిపెట్టడానికి అన్నిటికంటే తేలిక పని రాయిని బోర్లించడం. ఆకాశం వైపున్న ముఖం నున్నగా అరిగి, నేలకు ఆనిన ముఖం మీద గీతలు మిగిలి ఉంటే ఎండావానల పని. అన్ని వైపులా సమంగా గుండ్రబడితే ఏదో ఒక కాలంలో నీళ్లలో దొర్లింది. రాతి లోపల, వాన ఎన్నడూ తగలని చోట కూడా గుల్ల ముక్కలు గుండ్రటి అంచులతోనే ఉంటే, అది ఆనాటి అలల పని. అప్పుడు మనకు ఒక సముద్ర తీరం కూడా దొరికినట్టే. మన ఇళ్లలో దేవుడి గూట్లో ఉండే సాలగ్రామం నీళ్లలో దొర్లి గుండ్రబడిన రాయికి మంచి ఉదాహరణ. నేపాల్‌లో ముక్తినాథ్ దిగువన కాలీ గండకి నదిలో దొరికే ఆ నల్లరాళ్లు, జురాసిక్ కాలపు సముద్రంలో బతికిన అమ్మోనైట్ అనే ప్రాణి చుట్టూ కట్టిన బురద ముద్దలు. నది దొర్లించి దొర్లించి నునుపు చేసింది. లోపలి చక్రం ఆ ప్రాణి గుల్ల ముద్ర. పూజ సంగతి వేరు, నేను అందులోకి పోవడం లేదు. కానీ సాలగ్రామ లక్షణాలు చెప్పేవాళ్ల పద్ధతి ఒకటి గమనించదగ్గది. చక్రాలెన్ని, ముఖం ఎటువైపు, రంగేమిటి, ఎంత పరిమాణం, ఇవన్నీ చూశాకే అది లక్ష్మీనారాయణమా, నరసింహమా అంటారు. లక్షణం ముందు, పేరు వెనక.

స్థలం, అరుగుదల కలిసి ఒక పేరును ఎలా తేల్చాయో చూడటానికి ఇప్పుడు ఇంగ్లండుకు వెళ్దాం. ససెక్స్‌లో లూయిస్ అనే ఊళ్లో గిడియన్ మాంటెల్ అనే వైద్యుడు ఉండేవాడు. పగలంతా రోగులు, తీరికంతా రాళ్లు. 1820 తర్వాత, కక్‌ఫీల్డ్ దగ్గరి క్వారీల నుంచి అతని చేతికి కొన్ని పెద్ద పళ్లు వచ్చాయి. అతని భార్య వాటిని దారి పక్క కంకర కుప్పలో చూసిందని ఒక కథ చెబుతారు. దానికి గట్టి ఆధారం లేదు. ఆ పళ్లలో కొన్ని కొసలు నున్నగా అరిగి, బల్లపరుపుగా ఉన్నాయి. 1822లో లండన్ జియలాజికల్ సొసైటీలో చూపిస్తే పెద్దలు పెదవి విరిచారు. ఏదో పెద్ద చేప పళ్లనో, ఈమధ్య కాలపు జంతువు పళ్లనో అన్నారు. మరుసటి ఏడు భూశాస్త్రవేత్త చార్ల్స్ లయెల్ ఒక పన్నును పారిస్ తీసుకెళ్లి జార్జ్ కువియేకు చూపించాడు. ఎముక ముక్క చూసి జంతువును చెప్పగలడని యూరప్ అంతా నమ్మే మనిషి కువియే. ఆయన చూసిన వెంటనే ఖడ్గమృగం ముందరి పన్ను అన్నాడు. మాంటెల్ ఒప్పుకోలేదు. అతను పట్టుకున్న ఆధారాలు రెండే. మొదటిది స్థలం. ఆ పళ్లు వచ్చిన రాతిపొర చాలా పాతది. అలాంటి పొరల్లో అంత పెద్ద క్షీరదాల జాడ ఎవరికీ దొరకలేదు. పాకే జాతుల ఎముకలు మాత్రం దొరికాయి. రెండోది అరుగుదల. నమిలి నమిలి కొస అరిగిన పన్ను గడ్డీ ఆకూ తినే జంతువుది. అప్పటికి తెలిసిన పాకే జంతువులు చాలావరకు ఆహారాన్ని చీల్చి మింగేవే, నమిలేవి కావు. ఈ రెండూ కలిపితే ఎవరూ అంతకుముందు ఊహించని జంతువు వస్తోంది: ఆకులు నమిలే పెద్ద పాకే జంతువు. మాంటెల్ ఆ పళ్లను పట్టుకుని లండన్‌లో శస్త్రవైద్యుల కళాశాలలోని హంటర్ మ్యూజియానికి వెళ్లాడు. సొరుగులన్నీ వెతికినా పోలిక దొరకలేదు. అక్కడ పనిచేసే శామ్యూల్ స్టచ్‌బరీ, తాను అంతకుముందు సిద్ధం చేసిన ఇగువానా అనే తొండ జాతి జంతువు పళ్లను చూపించాడు. ఆకారం అదే, పరిమాణమే ఎన్నో రెట్లు చిన్నది. 1825లో ఇగువానోడాన్ అన్న పేరు పుట్టింది. అర్థం ఇగువానా పన్ను. అప్పటికి కువియే కూడా తన మాట వెనక్కి తీసుకున్నాడు.

ఈ కథను సాధారణంగా ఇక్కడ ఆపి, పట్టుదల గల సామాన్యుడు మహాపండితుణ్ణి ఓడించాడని చప్పట్లు కొడతారు. నాకు ఆసక్తి దాని తర్వాతి భాగంలో ఉంది. మాంటెల్ దగ్గర ఒక కొమ్ము లాంటి ఎముక ఉండేది. దాన్ని అతను జంతువు ముక్కు మీద పెట్టాడు. దానికి అరుగుదల సాక్ష్యం లేదు, దొరికిన స్థితిలో ముక్కుతో సంబంధమూ లేదు. ఖడ్గమృగానికీ కొన్ని ఇగువానాలకూ ముక్కు మీద కొమ్ముంటుంది, అంతే. 1878లో బెల్జియంలోని బెర్నిసార్ బొగ్గుగనిలో పూర్తి అస్థిపంజరాలు బయటపడ్డాయి. లూయీ డోలో అనే శాస్త్రవేత్త వాటిని పరిశీలించి, ఆ కొమ్ము ముక్కుది కాదు, చేతి బొటనవేలుదని చూపించాడు. ఒకే మనిషి, ఒకే జంతువు. సాక్ష్యం ఉన్నంతవరకు ఒప్పు, పోలిక మీద అడుగు ముందుకు వేసిన చోట తప్పు. ఇంకో సంగతి ఉంది. మాంటెల్ పళ్లు ఒక పెద్ద కుటుంబాన్ని చెప్పగలవు గానీ ఒక జాతిని చెప్పలేవని తర్వాతి వాళ్లకు తేలింది. అలాంటి పళ్లు ఆ కుటుంబంలో చాలా జంతువులకు ఉన్నాయి. 2000లో జంతువుల పేర్లపై తీర్పుచెప్పే అంతర్జాతీయ కమిషన్, ఇగువానోడాన్ అన్న పేరుకు ఆధారంగా ఆ పళ్లను తీసేసి బెర్నిసార్ అస్థిపంజరాన్ని నిలబెట్టింది. పేరు నిలిచింది. ఆ పేరు పుట్టించిన పళ్లు మాత్రం దాన్ని మోయలేకపోయాయి.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. ఈ జాగ్రత్తలన్నీ తెలియని వాళ్లకు. నలభై ఏళ్లు రాళ్లు చూసిన కళ్లకు రూపం చూడగానే తెలిసిపోతుంది కదా, అంటారు. చాలాసార్లు నిజమే. నలభై ఏళ్ల కన్ను తేల్చేదాన్ని మనం నలభై రోజుల్లో తేల్చలేం. కానీ ఆ కన్ను వేగంగా చూస్తున్నది కూడా లక్షణాలనే. లక్షణాలు లేనిచోట ఆ కన్ను కూడా పోలికనే చూస్తుంది. మధ్యప్రదేశ్‌లోని భీమ్‌బేట్కా గుహల్లో జరిగింది అదే. 2020 మార్చిలో ఢిల్లీలో జరగాల్సిన అంతర్జాతీయ భూవిజ్ఞాన మహాసభకు ముందు కొందరు శాస్త్రవేత్తలు ఆ గుహలు చూడటానికి వెళ్లారు. ఆడిటోరియం గుహ పైకప్పు మీద, నేలకు మూడున్నర మీటర్ల ఎత్తున, ఈనెలు తీర్చిన ఆకు లాంటి మచ్చ కనిపించింది. పొడవు 17 అంగుళాలు. అది డికిన్సోనియా అన్నారు. 55 కోట్ల ఏళ్ల కిందటి, ప్రపంచంలోనే అతి పాత జంతువుల్లో ఒకటి. 2021లో గొండ్వానా రిసెర్చ్ అనే పత్రికలో వ్యాసం వచ్చింది. మన దేశంలో పత్రికలన్నీ రాశాయి. ఆ ఒక్క మచ్చను బట్టి వింధ్య పర్వతాల రాళ్ల వయసే తిరగరాయాల్సి వచ్చేది. రక్షిత ప్రదేశం కనుక ముక్క తీయలేదు, ఫొటోలే ఆధారం. తర్వాత ఫ్లోరిడా విశ్వవిద్యాలయానికి చెందిన జోసెఫ్ మీర్ట్ బృందం వెళ్లి చూస్తే, ఆ శిలాజం రాతి మీంచి పెచ్చులుగా ఊడిపోతోంది. కోట్ల ఏళ్లు రాతిలో ఉన్నది రెండు మూడేళ్లలో ఊడదు. చుట్టుపక్కల అదే రాతికి పెద్ద తేనెపట్లు వేలాడుతున్నాయి. మచ్చలో మైనపు గదుల షట్కోణాలు కనిపించాయి. అది పాడుబడి రాలిపోతున్న తేనెపట్టు. 2023లో అదే పత్రికలో దిద్దుబాటు వచ్చింది. మొదటి వ్యాసానికి ముఖ్య రచయిత అయిన గ్రెగరీ రెటాలాక్ ఆ దిద్దుబాటును ఒప్పుకున్నాడు. ఒప్పుకోవడం పెద్దమనసు, అందులో సందేహం లేదు. కానీ మొదటిరోజే ఈ మచ్చ ఎలా అరుగుతోంది అని అడిగి ఉంటే ఆ వ్యాసం రాసే పని ఉండేది కాదేమో. ప్రకృతి రాతి మీద ఆకుల్నీ చెట్లనీ ఊరికే గీస్తూనే ఉంటుంది. సున్నపురాయి పలకల మీద కనిపించే నల్లటి కొమ్మల బొమ్మలు చూడండి. చాలామంది వాటిని రాయిగా మారిన మొక్కలనే నమ్ముతారు. రాతి నెర్రెల్లోకి ఇంకిన నీటిలోని మాంగనీసు అలా కొమ్మలు వేస్తుంది. భూతద్దంతో చూస్తే ఈనె ఉండదు, ఆకు అంచు ఉండదు. కొమ్మ సాధారణంగా ఒక పగులు దగ్గరే మొదలవుతుంది.

ఇంకో అభ్యంతరం ఈ కాలానిది. ఫొటో తీసి ఫోన్‌లో పెడితే క్షణంలో పేరు చెబుతోంది కదా, ఇంత కష్టం దేనికి? ఫోన్‌తో నాకు పేచీ లేదు. అది చెప్పే పేరును మొదటి ఊహగా తీసుకుంటే ఉపయోగమే. కానీ యంత్రమైనా మనిషైనా ఫొటోలో ఉన్నదే చూడగలరు. మనం తీసే ఫొటోలో రాయి ఎంత పెద్దదో ఉండదు, వెనక వైపు ఉండదు, బరువు ఉండదు, ఏ పొరలోంచి వచ్చిందో ఉండదు. అరచేతిలో పెట్టి తీస్తాం, అరచేతులేమో రకరకాలు. పక్కన పది రూపాయల నాణెం పెట్టండి, దాని అడ్డం 27 మిల్లీమీటర్లు, ఎక్కడి వాళ్లకైనా లెక్క తెలుస్తుంది. నాలుగు వైపులా తీయండి. ఒకటి తడిపి, ఒకటి పొడిగా. తడిపితే రంగుల తేడా తేలుతుంది, పొడిగా ఉంటే గీతలు తేలతాయి. ఇంత చేసినా ఆ గోపురం నత్త అచ్చుకు ఫోన్ టరిటెల్లా అనే అంటుంది. అది చూసిన బొమ్మల్లో చుట్లు తిరిగిన వాటికి ఎక్కువగా ఆ పేరే రాసి ఉంటుంది మరి.

అన్నిటికంటే బరువైన అభ్యంతరం మరొకటి. ఇంత సన్నగా వడపోస్తే ఊళ్లలో రాళ్లు ఏరేవాళ్లకు మిగిలేది నిరాశే కదా. నాది డైనోసార్ గుడ్డు కాదా అని అడిగిన మనిషికి బురద ముద్ద అని చెబితే మళ్లీ రాయి పట్టుకుంటాడా? ఇందులో న్యాయం ఉంది. మధ్యప్రదేశ్‌లో ధార్ జిల్లా పాడల్యా గ్రామంలో రైతులు గుండ్రటి రాళ్లను కాకర్ భైరవ్ అని పొలం గట్ల మీద పెట్టి తరాలుగా కొలుస్తూ వచ్చారు. 2023 చివర్లో లక్నోలోని బీర్బల్ సాహ్నీ పురాశాస్త్ర సంస్థ నిపుణులు చూసి, అవి టైటనోసార్ జాతి డైనోసార్ల గుడ్లని చెప్పారు. అదే ఏడాది మొదట్లో వచ్చిన ఒక పరిశోధనలో ఆ జిల్లాలో 92 గూళ్లు, 256 గుడ్లు లెక్కతేలాయి. మరోవైపు 2020లో తమిళనాడు పెరంబలూరు జిల్లా కున్నంలో చెరువు పూడిక తీస్తుంటే పెద్దపెద్ద గుండ్రాళ్లు బయటపడ్డాయి. డైనోసార్ గుడ్లని ఊరంతా, ఫోన్లన్నీ మోగాయి. చూసినవాళ్లు అవి అమ్మోనైట్ల చుట్టూ పేరుకున్న ముద్దలని తేల్చారు. రెండు చోట్లా రాళ్లు గుండ్రంగానే ఉన్నాయి, అరిగే ఉన్నాయి. తేడా చెప్పింది గుండ్రదనం కాదు. గుడ్డయితే పెంకు ఉండాలి, పెంకులో గాలి ఆడే సూక్ష్మరంధ్రాలు ఉండాలి. పొర నేల మీద ఏర్పడిందా, సముద్రం అడుగునా అన్నది కూడా సాక్ష్యమే. కున్నం వాళ్లను నిరాశపరిచింది నిపుణుడి జాగ్రత్త కాదు, జాగ్రత్త లేకుండా ముందే పెట్టిన పేరు. ఆ పేరు పెట్టకపోయి ఉంటే, తమ చెరువు అడుగున ఒకప్పటి సముద్రం ఉందన్న మాట వాళ్లకు చిన్నదయ్యేది కాదు.

పేరు తేలకపోతే ఆ రాయికి విలువ లేనట్టేనా? అమెరికాలో ఇల్లినాయి రాష్ట్రంలో పైపులు బిగించే పని చేసే ఫ్రాన్సిస్ టల్లీ, 1950ల్లో మేజన్ క్రీక్ ప్రాంతపు బొగ్గుగనుల రాళ్లకుప్పలో ఒక పగిలిన రాతి ముద్ద ఏరుకున్నాడు. లోపల మెత్తటి ఒంటి ప్రాణి ముద్ర. ముందుకు పొడుచుకొచ్చిన తొండం, దాని కొసన పంజా, ఒంటికి అడ్డంగా ఒక కమ్మీ, దాని రెండు కొసలా కళ్లు. షికాగో ఫీల్డ్ మ్యూజియం వాళ్లు చూసి తలపట్టుకున్నారు. 1966లో దానికి టల్లిమాన్‌స్ట్రమ్ అని పేరు పెట్టారు గానీ, ఏ వంశానికి చెందిందో రాయలేదు. 2016లో వెన్నెముక గల ప్రాణి అన్నారు. 2023లో కాదన్నారు. ఇంకా తేలలేదు. 1989లో ఇల్లినాయి దాన్ని తన రాష్ట్ర శిలాజంగా ప్రకటించుకుంది. తేలకుండా ఉండటం దాని గౌరవానికి అడ్డు రాలేదు.

చివరిగా ఒక చిన్న అభ్యంతరం, కానీ ఎక్కువ నష్టం చేసేది ఇదే. శుభ్రం చేస్తే లక్షణాలు తేలతాయి కదా అని బ్రష్షు, ఆమ్లం, ఉప్పుకాగితం పట్టుకుంటారు. సున్నపురాయా కాదా అన్నది చూడటానికి వెనక మూల ఒక్క చుక్క వెనిగర్ వేస్తే చాలు. నురగ వస్తే సున్నం ఉంది. అంతకు మించి పోస్తే శిలాజమే కరుగుతుంది, అది కూడా సున్నమే కనుక. పాలిష్ పట్టిన రాయి షోకేసులో బాగుంటుంది. కానీ ఎండ తగిలిన ముఖమేది, నేలకు ఆనిన ముఖమేది, చుట్ల మధ్య సందెంత అన్న సాక్ష్యాన్ని మన చేతులతో మనమే అరగదీసినట్టు. ఎముకా రాయా అన్నది తేల్చడానికి నాలుకకు ఆనించి చూసే అలవాటు పాతవాళ్లకు ఉంది. సన్నటి రంధ్రాలుంటే ఎముక నాలుకకు పట్టుకుంటుంది. సరదాకు చూడండి, కానీ దాన్నే తీర్పుగా తీసుకోకండి. కొన్ని మట్టిరాళ్లూ పట్టుకుంటాయి.

మొదట చూసిన ఆ నత్త రాయి మీద నా తీర్పు ఇదీ: గోపురం ఆకారపు నత్త లోపలి అచ్చు, సున్నపురాతిలోది, ప్రజాతి చెప్పలేం. అలాంటి రాయి మీ దగ్గర ఉంటే ఈ మూడు ముక్కలూ ఒక చీటీ మీద రాయండి. కింద ఊరి పేరు, ఏ క్వారీ, పొరలోంచి తీశారా కుప్పలోంచి ఏరారా, ఏ తేదీ అన్నది రాయండి. కుప్పలోది అయితే పొర తెలియదని స్పష్టంగా రాయండి. తర్వాత విశాఖలో ఆంధ్ర విశ్వకళాపరిషత్తులోనో, హైదరాబాదులో ఉస్మానియాలోనో భూగర్భశాస్త్ర శాఖ వాళ్లకు చూపించవచ్చు. హైదరాబాదు బండ్లగూడలో జియలాజికల్ సర్వే కార్యాలయమూ ఉంది. రాయి కంటే ముందు వాళ్లు అడిగేది ఆ చీటీనే. పెన్సిల్‌తో రాయండి. సిరా అయితే తడి తగిలినప్పుడు చెదిరిపోతుంది.